అమ్మకాలు అంతే పడ్డాయి, నష్టం మాత్రం రాలేదు

టయోటా వార్షిక లెక్కల్లోంచి రెండు సంవత్సరాలను తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది 2009 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరం. అంతకు ముందు ఏడాది 89.1 లక్షల వాహనాలు అమ్మిన కంపెనీ, ఆ ఏడాది 75.7 లక్షలు మాత్రమే అమ్మగలిగింది. తగ్గుదల సుమారు 15 శాతం. రెండోది 2021 మార్చితో ముగిసిన సంవత్సరం. కోవిడ్ దెబ్బకు అమ్మకాలు దాదాపు 89.5 లక్షల నుంచి 76.5 లక్షలకు దిగాయి. ఇక్కడ కూడా తగ్గుదల 15 శాతానికి కాస్త అటూ ఇటూ. ఎంత ఎత్తు నుంచి పడిందో, ఎక్కడికి పడిందో రెండుసార్లూ దాదాపు ఒకటే. అయినా మొదటిసారి కంపెనీకి 46,100 కోట్ల యెన్ల నిర్వహణ నష్టం వచ్చింది. రెండోసారి దాదాపు 2.2 లక్షల కోట్ల యెన్ల నిర్వహణ లాభం మిగిలింది.

ఆర్థిక మాంద్యాన్ని ఒక పెద్ద కార్ల కంపెనీ ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మనకు కొన్ని దృశ్యాలు గుర్తుకొస్తాయి. ఉద్యోగాల కోత, ప్రభుత్వ సాయం కోసం వాషింగ్టన్‌లో బారులు తీరిన కంపెనీ పెద్దలు, డీలర్ల దగ్గర భారీ తగ్గింపు ప్రకటనలు. అవన్నీ జరిగినవే. కానీ పైన చెప్పిన రెండు సంవత్సరాల తేడా వాటిలో దేనితోనూ పూర్తిగా తేలదు. దాన్ని తేల్చేది పతాక శీర్షికల్లో ఎన్నడూ కనిపించని ఒక అంకె. లాభమూ నష్టమూ లేకుండా ఏడాది గట్టెక్కాలంటే కనీసం ఎన్ని కార్లు అమ్మాలి? పరిశ్రమలో దీన్ని బ్రేక్ ఈవెన్ అంటారు. ఈ వ్యాసమంతా ఆ అంకె చుట్టూ తిరుగుతుంది.

వాయిదా పడే కొనుగోలు

ముందుగా, మాంద్యంలో కార్ల అమ్మకాలు మిగతా వస్తువులకన్నా ఎందుకంత ఎక్కువగా పడతాయో చూద్దాం. కొత్త కారు కొనేవాళ్లలో చాలామంది దగ్గర పాత కారు ఒకటి ఉంటుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో ఆ పాతదాన్నే మరో ఏడాది నడిపితే పోయేదేమీ లేదు. పదేళ్లకోసారి కారు మార్చేవాళ్లందరూ ఒకేసారి పదకొండో ఏడాదికి వాయిదా వేశారనుకోండి. కారు వాడకం ఏమాత్రం తగ్గకపోయినా, ఆ ఒక్క ఏడాది పాత కారు మార్చుకునే గిరాకీ మొత్తం మాయమైపోతుంది. అందరూ వాయిదా వేయరు కాబట్టి అంత ఘోరం జరగదు. కానీ అమెరికాలో 2007లో 1.61 కోట్లున్న వాహన అమ్మకాలు 2009 నాటికి 1.04 కోట్లకు పడిపోవడం వెనక ప్రధానంగా ఉన్నది ఈ వాయిదాయే.

దీనికి అప్పు తోడవుతుంది. సంపన్న దేశాల్లో అత్యధిక కార్లు అమ్ముడయ్యేది నెలవారీ కిస్తీల మీదే. 2008 సెప్టెంబర్ 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీశాక కార్ల రుణ సంస్థలకు కూడా మార్కెట్లో సొమ్ము పుట్టలేదు. జనరల్ మోటార్స్ కార్లకు అప్పులిచ్చే జీమ్యాక్ సంస్థ, ఆ అక్టోబర్‌లో 700 క్రెడిట్ స్కోరు దాటినవాళ్లకే రుణమిస్తానని షరతు పెట్టింది. దాంతో కొనాలన్న కోరిక, తీర్చగల స్తోమత రెండూ ఉన్నవాళ్లలో కూడా చాలామంది షోరూం నుంచి ఉత్త చేతులతో వెనుదిరగాల్సి వచ్చింది. నా దృష్టిలో 2008ని మామూలు మాంద్యాల నుంచి వేరు చేసింది ఇదే. గిరాకీ నెమ్మదిగా జారిపోవడం వేరు, కుళాయి కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగిపోవడం వేరు. కర్మాగారాలు మొదటిదాన్ని సర్దుకోగలవు. రెండోదానికి సర్దుకునే వ్యవధే ఉండదు.

ఒక ఊహా లెక్క

ఇప్పుడు అసలు చిక్కుముడి. అమ్మకాలు 15 శాతం తగ్గితే లాభం కూడా 15 శాతమే తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా జరగదు. ఎందుకు జరగదో తెలియడానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. అది ఏడాదికి 10 లక్షల కార్లు అమ్ముతుంది. ఒక్కో కారు ధర 100 రూకలు. అందులో ఉక్కు, టైర్లు, సీట్లు, విడిభాగాలు, రవాణా కలిపి 75 రూకలు పోతాయి. ఇవి కారు తయారైతేనే అయ్యే ఖర్చులు. మిగిలిన 25 రూకల్లోంచి కర్మాగారాల నిర్వహణ, యంత్రాల అరుగుదల, శాశ్వత ఉద్యోగుల జీతాలు, కొత్త మోడళ్ల పరిశోధన, అప్పుల మీద వడ్డీ అన్నీ గడవాలి. ఈ రెండో రకం ఖర్చు, అంటే స్థిర ఖర్చు, ఏడాదికి 200 లక్షల రూకలు. ఒక్క కారు తయారు కాకపోయినా ఇది కట్టి తీరాల్సిందే.

మంచి ఏడాదిలో 250 లక్షలు చేతికొస్తాయి, స్థిర ఖర్చు 200 లక్షలు పోగా 50 లక్షలు లాభం. అమ్మకాలు 15 శాతం పడి 8.5 లక్షల కార్లకు చేరితే చేతికొచ్చేది 212.5 లక్షలు. స్థిర ఖర్చు మాత్రం అదే 200 లక్షలు. లాభం 12.5 లక్షలకు కుంచించుకుపోయింది. అంటే అమ్మకాలు ఏడో వంతు తగ్గితే లాభం నాలుగింట మూడు వంతులు పోయింది. 8 లక్షల దగ్గర లాభం సున్నా. ఆ కింద పడే ప్రతి కారూ నష్టమే. ఇదే కంపెనీ ముందుగానే తన స్థిర ఖర్చును 170 లక్షలకు దించుకుని ఉంటే, 6.8 లక్షల కార్ల దాకా గట్టి నేల మీద నిలబడి ఉండేది.

మాంద్యం వచ్చాక ఈ స్థిర ఖర్చును తగ్గించుకోవచ్చుగా అంటే, అక్కడే ఉంది కష్టం. ఒక కొత్త మోడల్‌కు కావలసిన ప్రెస్సు డైలు, వెల్డింగ్ రోబోలు, పెయింట్ షాపు ఏళ్ల ముందు కొన్నవి. వాటి ధర ఎప్పుడో చెల్లించేశారు లేదా అప్పుగా మిగిలి ఉంది. అసెంబ్లీ లైనును సగం వేగంతో నడిపినా పెయింట్ షాపు ఓవెన్లు వేడెక్కాల్సిందే. పరిశోధన ఆపేస్తే ఈ ఏడాది డబ్బు మిగులుతుంది కానీ, నాలుగేళ్ల తరువాత షోరూంలో పెట్టడానికి కొత్త కారు ఉండదు. అందుకే మాంద్యం మధ్యలో కంపెనీలు చేసే కోతలు చాలావరకు కంటికి కనబడేవే తప్ప కడుపు నింపేవి కావు. 2008 డిసెంబర్‌లో హోండా, 2009 నవంబర్‌లో టయోటా ఫార్ములా వన్ పందేల నుంచి తప్పుకున్నాయి. వార్తగా అది పెద్దదే. బ్రేక్ ఈవెన్ మీద దాని ప్రభావం స్వల్పం.

2008లో టయోటా దొరికిపోయిన తీరు

పొదుపుకు మారుపేరైన కంపెనీ అంత లోతుగా ఎందుకు మునిగింది? కారణం అంతకు ముందటి మంచి రోజుల్లో ఉంది. 2000 తరువాత టయోటా ఏటా కొత్త సామర్థ్యాన్ని జోడించుకుంటూ పోయింది. 2006లో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో టండ్రా అనే భారీ పికప్ ట్రక్కు కోసం కర్మాగారం తెరిచింది. 2008 జులైలో ముడి చమురు బ్యారెల్ 147 డాలర్లకు చేరింది. పెట్రోలు ఎక్కువ తాగే ఆ ట్రక్కులకు గిరాకీ పడిపోయింది. అదే సమయంలో యెన్ బలపడింది. ఏడాది సగటున డాలరుకు 114 యెన్ల నుంచి 101కి వచ్చింది. జపాన్‌లో తయారుచేసి అమెరికాలో అమ్మే కారు ధరలోని ప్రతి డాలరు మీదా అన్ని యెన్లు తగ్గిపోయాయి. ఎక్కువ కర్మాగారాలు, తక్కువ గిరాకీ, బలమైన యెన్ మూడూ ఒకే ఏడాదిలో కలిశాయి. అంతకు ముందు ఏడాది 2.27 లక్షల కోట్ల యెన్లున్న నిర్వహణ లాభం ఆవిరైపోయి నష్టం తేలింది. నికర నష్టం చూస్తే 1950 తరువాత అదే మొదటిది.

ఆ చలికాలంలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ రేవులో, ఓడల నుంచి దిగి అమ్ముడుపోని కార్లను నిలపడానికి టయోటా స్థలం అద్దెకు తీసుకుంది. నిల్వ అనేదే వృథా అని ప్రపంచానికి పాఠం చెప్పిన కంపెనీకి ఇది ఎంత బాధాకరమో ఊహించవచ్చు. గిరాకీ వస్తేనే తయారీ అన్నది దాని మూలసూత్రం. కానీ ఓడ ఎక్కిన కారును వెనక్కి పిలవలేరు. 2009 జనవరి మొదట్లో కంపెనీ ఒక ప్రకటన చేసింది. జపాన్‌లోని తన 12 కర్మాగారాలనూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో 11 రోజులపాటు మూసేస్తుందని. చేదుగా ఉన్నా అది సరైన నిర్ణయమే. తయారైన కారు నిల్వగా పడి ఉంటే అందులో చిక్కుకున్న నగదు తిరిగి రాదు, ఆపైన దాన్ని వదిలించుకోవడానికి ఇచ్చే తగ్గింపు వచ్చే ఏడాది ధరను కూడా దిగలాగుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. 2008 ఆగస్టు నుంచి సుమారు మూడు నెలలపాటు టయోటా టెక్సస్ కర్మాగారంలో, ఇండియానా రాష్ట్రంలోని కర్మాగారంలో ట్రక్కుల తయారీ నిలిచిపోయింది. అక్కడి శాశ్వత కార్మికులను మాత్రం కంపెనీ తీసేయలేదు. జీతాలిస్తూనే శిక్షణ తరగతులు పెట్టింది, లైనులో లోపాలను వెతికి సరిదిద్దే పనులు అప్పగించింది, కొందరిని స్థానిక సేవా పనులకు పంపింది. పైకి ఇది స్థిర ఖర్చును తగ్గించే అవకాశాన్ని చేజేతులా వదులుకోవడమే. దీని వెనక ఉన్న ఆలోచన తెలియాలంటే 1950కి వెళ్లాలి.

1950 జ్ఞాపకం

యుద్ధానంతర జపాన్‌లో ద్రవ్యోల్బణాన్ని అరికట్టడానికి 1949లో అమెరికా బ్యాంకరు జోసెఫ్ డాడ్జ్ సూచనలతో కఠిన పొదుపు విధానం అమలైంది. చేతుల్లో డబ్బు ఆడటం ఆగిపోయింది. వాయిదాల మీద అమ్మిన ట్రక్కులకు సొమ్ము వసూలు కాక, 1949 చివరికి టయోటా దివాలా అంచుకు చేరింది. బ్యాంక్ ఆఫ్ జపాన్ నాగోయా శాఖ చొరవతో బ్యాంకులన్నీ కలిసి రుణమిచ్చాయి. అయితే షరతులు పెట్టాయి. అమ్మకాల విభాగాన్ని వేరే కంపెనీగా విడదీయాలి, అదనపు సిబ్బందిని తగ్గించాలి. ఎవరినీ తీసేయబోనని కార్మికులకు మాట ఇచ్చిన వ్యవస్థాపకుడు కీచిరో టయోడా ఆ మాట నిలబెట్టుకోలేకపోయారు. సమ్మెలు జరిగాయి. రెండు వేల మందికి పైగా కంపెనీని వీడారు. 1950 జూన్‌లో కీచిరో కూడా పదవి వదులుకున్నారు. అదే నెల 25న కొరియా యుద్ధం మొదలైంది. జులైలో అమెరికా సైన్యం వెయ్యి ట్రక్కులకు ఆర్డరిచ్చింది. కంపెనీ బతికింది. కీచిరో 1952లో కన్నుమూశారు, పూర్తి స్థాయి ప్రయాణికుల కారు తయారు చేయాలన్న తన కల నెరవేరడాన్ని చూడలేదు.

ఆ గాయం నుంచి టయోటా రెండు నియమాలు నేర్చుకుంది. ఒకటి, బ్యాంకుల గుమ్మం తొక్కాల్సిన అవసరం రాకుండా నగదు పోగేసుకోవడం. కీచిరో తరువాత అధ్యక్షుడైన ఇషిదా తైజో దీన్ని మన కోటను మనమే కాపాడుకోవాలన్న మాటగా కంపెనీలో నాటారు. రెండు, శాశ్వత ఉద్యోగిని తీసేయకపోవడం. దానికి బదులుగా కార్మిక సంఘం యాజమాన్యంతో పోరు మాని సహకారానికి వచ్చింది. లైను మీద పని చేసే మనిషి, పనిని తేలిక చేసే ఉపాయం చెబితే తన ఉద్యోగమే పోతుందని భయపడే చోట కైజెన్, అంటే పనిని నిత్యం కొద్దికొద్దిగా మెరుగుపరచుకునే పద్ధతి, సాగదు. టెక్సస్‌లో మూడు నెలల జీతం ఖర్చుకు కంపెనీ కొనుక్కున్నది ఆ నమ్మకాన్ని. లెక్కల పుస్తకంలో అది ఖర్చుగానే కనిపిస్తుంది.

కానీ ఈ కథను ఇక్కడితో ముగించి టయోటాను మెచ్చుకుంటే అన్యాయం చేసినట్టే. శాశ్వత ఉద్యోగికి ఇచ్చిన ఆ భరోసా బరువును మోసినవాళ్లు వేరే ఉన్నారు. జపాన్ కర్మాగారాల్లో నిర్ణీత కాలానికి పనిలోకి తీసుకునే కాంట్రాక్టు కార్మికులు వేలల్లో ఉండేవారు. 2008 నవంబర్‌లో టయోటా తన కాంట్రాక్టు కార్మికుల సంఖ్యను మరుసటి మార్చి నాటికి సగానికి, అంటే 3,000కు తగ్గిస్తానని ప్రకటించింది. ఒప్పందం ముగిస్తే వాళ్లు ఖాళీ చేయాల్సింది పనిని మాత్రమే కాదు, చాలామంది కంపెనీ వసతిలో ఉండేవాళ్లు. ఇదే పని జపాన్‌లోని ఇతర తయారీ సంస్థలు చాలా చేశాయి. ఆ కొత్త సంవత్సరం రోజుల్లో టోక్యో నడిబొడ్డున హిబియా పార్కులో, పని పోయి తలదాచుకునే చోటు లేనివాళ్ల కోసం స్వచ్ఛంద కార్యకర్తలు డేరాలు వేసి అన్నం పెట్టారు. సుమారు 500 మంది అక్కడికి చేరారు. సంపన్న దేశపు రాజధానిలో, ప్రభుత్వ కార్యాలయాలకు కూతవేటు దూరంలో ఉన్న ఆ డేరాలను తలుచుకుంటే, బ్రేక్ ఈవెన్ అనే మాటను అంత నిబ్బరంగా రాయలేను. ఖర్చుల పట్టికలో ఈ కార్మికులు స్థిర ఖర్చు కిందికి రారు. వాళ్లను కారు తయారైతేనే అయ్యే ఖర్చుల గడిలో పెట్టినందువల్లే స్థిర ఖర్చు గడిలో ఉన్నవాళ్లు భద్రంగా ఉన్నారు.

అమెరికాలోనూ ఆ హామీకి హద్దు ఉందని తేలింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌తో కలిసి 1984 నుంచి నడిపిన నుమ్మీ కర్మాగారం నుంచి 2009లో ఆ భాగస్వామి తప్పుకుంది. టయోటా ఒంటరిగా నడపలేనని 2010 ఏప్రిల్ 1న దాన్ని మూసేసింది. సుమారు 4,700 మంది పని పోయింది. కొద్ది వారాల్లోనే ఆ ప్రాంగణాన్ని 4.2 కోట్ల డాలర్లకు కొనడానికి టెస్లా అనే చిన్న కంపెనీ ఒప్పందం చేసుకుంది.

డెట్రాయిట్‌లో: చేతిలో నగదు, పక్కవాడి బతుకు

లాభనష్టాల లెక్క ఎలా ఉన్నా కంపెనీ చావడానికి తక్షణ కారణం నష్టం కాదు, నగదు అయిపోవడం. ఈ తేడాను 2008లో, అమెరికా కార్ల పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్‌లోని ఫోర్డ్, జనరల్ మోటార్స్‌ల కన్నా బాగా చూపించే జంట లేదు. రెండూ నష్టాల్లోనే ఉన్నాయి. 2008 ఒక్క ఏడాదిలోనే ఫోర్డ్ 1,400 కోట్ల డాలర్లకు పైగా, జనరల్ మోటార్స్ 3,000 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్నాయి. కానీ ఫోర్డ్ 2006 చివర్లో, అంటే బ్యాంకులు ఇంకా ఉదారంగా ఉన్న రోజుల్లో, 2,360 కోట్ల డాలర్లు అప్పుగా సమీకరించి పెట్టుకుంది. విమానాల తయారీ సంస్థ బోయింగ్ నుంచి అప్పుడే వచ్చిన అలన్ ములాలీ ఆ కంపెనీకి సారథి. కర్మాగారాలు, పేటెంట్లు, చివరికి నీలి రంగు కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఫోర్డ్ చిహ్నం కూడా తనఖాలోకి వెళ్లాయి. ఏడాదిన్నర తరువాత అదే అప్పు అడిగి ఉంటే ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. దీన్ని దూరదృష్టి అంటారు చాలామంది. నాకైతే, ములాలీ మాంద్యాన్ని ముందుగా చూశారనిపించదు. కంపెనీ అప్పటికే జబ్బుపడిందని ఒప్పుకుని వైద్యానికి డబ్బు సిద్ధం చేసుకున్నారు, అంతే. ఆ ఒప్పుకోలే ప్రాణం నిలబెట్టింది. ఫోర్డ్ తన చేతిలోని ఇతర బ్రాండ్లలో ఆస్టన్ మార్టిన్‌ను 2007లో, జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 2008 జూన్‌లో టాటా మోటార్స్‌కు 230 కోట్ల డాలర్లకు, వోల్వోను 2010లో చైనా కంపెనీ గీలీకి అమ్మేసింది.

జనరల్ మోటార్స్ దగ్గర అలాంటి నిల్వ లేదు. దాని స్థిర ఖర్చు గడి అందరికన్నా బరువైనది. పదవీ విరమణ చేసిన లక్షల మంది వైద్య ఖర్చులు, పని లేని కార్మికులకు కూడా దాదాపు పూర్తి జీతమిచ్చే జాబ్స్ బ్యాంక్ ఒప్పందం అందులో ఉన్నాయి. కార్మికుడి జీతం ఎలాగూ ఇవ్వాలి కాబట్టి కర్మాగారం ఆపడం కన్నా కార్లు చేసి తగ్గింపు ధరకు అమ్మడమే మేలన్న వింత తర్కం అక్కడ ఏళ్ల తరబడి నడిచింది. 2009 జూన్ 1న ఆ కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లి, ప్రభుత్వ సొమ్ముతో 40 రోజుల్లో కొత్త రూపంలో బయటికి వచ్చింది. పాంటియాక్, శాటర్న్, హమ్మర్ బ్రాండ్లు మూతపడ్డాయి. అమెరికా ప్రభుత్వం అందులో పెట్టిన సుమారు 4,950 కోట్ల డాలర్లలో వెయ్యి కోట్లకు పైగా తిరిగి రాలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఫోర్డ్ ఆ సమయంలో చేసిన మరో పని. తన ప్రత్యర్థులైన జనరల్ మోటార్స్, క్రైస్లర్‌లకు ప్రభుత్వం సాయం చేయాలని ములాలీ అమెరికా కాంగ్రెస్ ముందు కోరారు. మామూలు వ్యాపార బుద్ధికి ఇది అందదు. ప్రత్యర్థి మునిగితే మార్కెట్ మనదే కదా? కానీ సీట్లు, బ్రేకులు, వైరింగు, ప్లాస్టిక్ భాగాలు తయారు చేసే కంపెనీలు ముగ్గురికీ ఒకటే. జనరల్ మోటార్స్ బిల్లులు చెల్లించడం ఆపితే ఆ సరఫరాదారులు వారాల్లో మూతపడతారు, ఒక్క వైరింగు కట్ట రాకపోతే ఫోర్డ్ లైను కూడా ఆగుతుంది. సరఫరాదారుల పరిస్థితి నిజంగానే అంత దారుణంగా ఉండేది. ఒకప్పుడు ఫోర్డ్‌లో భాగంగా ఉన్న విస్టియాన్ 2009 మేలో, సీట్ల తయారీలో పేరున్న లియర్ ఆ జులైలో దివాలా రక్షణ కోరాయి. ప్రభుత్వం 2009 మార్చిలో విడిభాగాల కంపెనీల కోసమే 500 కోట్ల డాలర్ల పథకం ప్రకటించాల్సి వచ్చింది. పోటీ షోరూం గుమ్మం దగ్గర మొదలవుతుంది. దాని వెనకాల ఈ కంపెనీలన్నీ ఒకే బావి నీళ్లు తాగుతాయి.

ఫోర్డ్ ప్రభుత్వ సొమ్ము ముట్టలేదన్న ప్రచారం పూర్తి నిజం కాదని కూడా చెప్పాలి. దివాలా సాయం తీసుకోలేదు, నిజమే. కానీ ఇంధన పొదుపు వాహనాల కోసం అమెరికా ఇంధన శాఖ నుంచి 2009లో 590 కోట్ల డాలర్ల రుణం తీసుకుంది.

గిరాకీని తిరిగి రప్పించడానికి ప్రభుత్వాలు చేసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. తొమ్మిదేళ్లు దాటిన కారును తుక్కుకిచ్చి కొత్తది కొంటే జర్మనీ 2,500 యూరోలిచ్చింది. అమెరికా 2009 వేసవిలో అలాంటి పథకానికే 300 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. ఇవి ఎక్కువగా రేపటి అమ్మకాన్ని ఇవాళ్టికి లాగాయి. జర్మనీ చేసిన మరో పని నాకు ఇంతకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. పని గంటలు తగ్గించుకున్న కార్మికుడు కోల్పోయిన జీతంలో పెద్ద భాగాన్ని ప్రభుత్వం భరించే కుర్త్‌సార్బైట్ విధానం అది. ఉద్యోగి కంపెనీలోనే ఉంటాడు, కంపెనీ మీద భారం తగ్గుతుంది. టయోటా టెక్సస్‌లో సొంత డబ్బుతో చేసిన పనిని జర్మనీ దేశం మొత్తానికి చేసింది. ఇక హ్యుందాయ్ 2009 జనవరిలో అమెరికాలో ఇచ్చిన హామీ వేరే దారిది. కారు కొన్న ఏడాదిలోపు ఉద్యోగం పోతే కారు తిరిగి ఇచ్చేయవచ్చంది. వాడుకున్నవాళ్లు చాలా తక్కువ. కొనుగోలుదారును ఆపుతున్నది ధర కాదు భయమని గుర్తించినందుకే ఆ ఏడాది దాని వాటా పెరిగింది.

అంకెను కిందికి దించిన పదేళ్లు

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. 2009 జూన్‌లో కీచిరో మనవడు అకియో టయోడా అధ్యక్షుడయ్యాడు. వెంటనే నాణ్యత లోపాలతో లక్షల వాహనాలు వెనక్కి పిలవాల్సి వచ్చింది, 2011 మార్చిలో భూకంపం వచ్చింది. ఈ దెబ్బల మధ్యే కంపెనీ బ్రేక్ ఈవెన్‌ను కిందికి దించే పని మొదలైంది. అది నెమ్మదిగా సాగే, చెప్పుకోవడానికి ఆకర్షణ లేని పని. 2013లో మూడేళ్లపాటు కొత్త కర్మాగారాలు కట్టబోమని ప్రకటించింది. ఉన్నవాటినే నిండుగా నడపడం మీద దృష్టి పెట్టింది. రకరకాల మోడళ్లు ఒకే లైను మీద వచ్చేలా, గిరాకీని బట్టి లైను పొడవు పెంచుకునేలా, తగ్గించుకునేలా మార్చింది. 2008తో పోలిస్తే కొత్త కర్మాగారానికయ్యే తొలి పెట్టుబడిని సుమారు 40 శాతం తగ్గించగలిగామని 2015లో చెప్పింది.

కారు లోపల కూడా మార్పు జరిగింది. ఒకప్పుడు ఒక్కో మోడల్‌కు సీటు కింది చట్రం వేరు, ఇంజను అమర్చే తీరు వేరు. కారు కూర్చునే మూల నిర్మాణాన్నీ, కంటికి కనబడని భాగాలనూ అనేక మోడళ్లకు ఉమ్మడిగా రూపొందించే టీఎన్‌జీఏ అనే విధానం వచ్చింది. 2015 చివర్లో వచ్చిన నాలుగో తరం ప్రియస్ దాని మీద తయారైన మొదటి కారు. ఒకే డిజైన్ ఖర్చును ఎక్కువ కార్ల మీద పంచడమంటే మన ఊహా లెక్కలోని 200 లక్షలను దించడమే. ఈ ప్రయత్నాలన్నిటి ఫలితంగా, లేమన్ నాటి పరిస్థితితో పోలిస్తే బ్రేక్ ఈవెన్‌ను 20 లక్షలకు పైగా వాహనాల మేర కిందికి తెచ్చామని 2020లో అకియో టయోడా వివరించాడు.

2020 వసంతంలో కర్మాగారాలు మూతపడినప్పుడు కంపెనీ బ్యాంకుల నుంచి ఒక లక్ష కోట్ల యెన్లకు పైగా రుణం సిద్ధం చేసుకుంది. 1950 నేర్పిన మొదటి నియమంలో నగదు పోగేసుకోవడమన్న సగాన్ని ఇలా పాటించింది, బ్యాంకుల గుమ్మం మాత్రం తొక్కక తప్పలేదు. ప్రపంచం తలకిందులైన ఆ మే నెలలో, మరుసటి మార్చికి 50,000 కోట్ల యెన్ల లాభం వస్తుందని అంచనా ఇచ్చింది. చాలా కంపెనీలు అంచనా ఇవ్వడానికే వెనకాడిన సమయమది. చివరికి వచ్చింది దానికి నాలుగు రెట్లకు పైగా.

న్యాయంగా చెప్పాలంటే ఈ రెండు సంక్షోభాలూ ఒకటి కావు. 2008లో అప్పు పుట్టలేదు. 2020లో కేంద్ర బ్యాంకులు డబ్బును వరదలా వదిలాయి. అమెరికా, చైనా మార్కెట్లు కొద్ది నెలల్లోనే తేరుకున్నాయి. కార్ల కొరత వల్ల తగ్గింపులు ఇవ్వాల్సిన అవసరం కూడా తగ్గింది. ఈ అనుకూలతలు లేకపోతే లాభం చాలా తక్కువగా ఉండేది. కానీ యెన్ విషయంలో పెద్ద తేడా లేదు, ఆ ఏడాది సగటు డాలరుకు 106. పాత బ్రేక్ ఈవెన్‌తోనే ఉండి ఉంటే, 76.5 లక్షల వాహనాల దగ్గర ఆ స్థాయి లాభం అసాధ్యం.

పొదుపు ఎక్కడ ఆపాలో తెలియడం ఇంకో కథ. 2020లో గిరాకీ పడగానే ఎన్నో కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు రద్దు చేశాయి. చిప్ కర్మాగారాలు ఆ సామర్థ్యాన్ని కంప్యూటర్లు, ఫోన్ల తయారీదారులకు కేటాయించాయి. గిరాకీ తిరిగొచ్చేసరికి కార్లకు చిప్‌లు లేవు. నిల్వ వద్దన్న టయోటా, 2011 భూకంపం తరువాత తన సిద్ధాంతాన్ని తానే సడలించుకుని, రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా చిప్‌లు ఉంచుకోమని సరఫరాదారులకు చెప్పి ఉంచింది. దానివల్ల పోటీదారులకన్నా కొన్ని నెలలు ఎక్కువ నిలబడింది. 2021 సెప్టెంబర్‌లో దానికీ తయారీని 40 శాతం తగ్గించక తప్పలేదు.

ఇప్పుడా అంకె మళ్లీ పైకి కదులుతోంది. విద్యుత్ కార్లకు కావలసిన బ్యాటరీల కోసం నార్త్ కరోలినాలోని లిబర్టీ దగ్గర టయోటా 2021 చివర్లో ఒక కర్మాగారం ప్రకటించింది. అప్పటి అంచనా 129 కోట్ల డాలర్లు. 2023 నాటికి అది దాదాపు 1,390 కోట్ల డాలర్లయింది. పెట్రోలు ఇంజన్ల కర్మాగారాలు మూతపడలేదు, హైబ్రిడ్ల లైన్లు నడుస్తున్నాయి, వాటి పక్కన ఇప్పుడు బ్యాటరీ లైన్లు కూడా చేరాయి. మన ఊహా కంపెనీ పట్టికలో ఇవన్నీ చేరేది ఒక్క కారు తయారు కాకపోయినా చెల్లించి తీరాల్సిన ఆ రెండో రకం ఖర్చులోకే.